బయటి గడియ

గడియ వేసింది స్వర్ణ అని రంగనాయకులు ఎన్నడూ నోటితో అనలేదు. వేరేవాళ్ళు అన్నారు. అతను కాదనలేదు. అతను చేసిన తప్పు ఇంతేనా అంటే ఇంతే. దాని బరువు ఎంతో ఎదురు ఫ్లాటులో ఉన్న స్వర్ణ ఇంటివాళ్ళకు తెలుసు.

సూళ్లూరుపేటలో వాళ్ళ అపార్ట్‌మెంటు పేరు సాగర్ ఎన్‌క్లేవ్. పేరుకే సాగరం. మేడ మీదికెక్కినా సముద్రం కనబడదు. కనబడేది శ్రీహరికోటలో లేచే రాకెట్టు ఒక్కటే. అందుకని రాకెట్టు రోజున ఇళ్ళన్నీ ఖాళీ అయి మేడ నిండుతుంది. సగం గీసిన గడ్డంతో ఎక్కేవాళ్ళుంటారు, పిండి చేతులతో ఎక్కేవాళ్ళుంటారు. ఎన్నిసార్లు చూసినా మళ్ళీ ఎక్కుతారు. మొదట వెలుగు కనిపిస్తుంది. అది మబ్బుల్లోకి పోయే వేళకు చప్పుడు వచ్చి చేరుతుంది. కిటికీ అద్దాలు గలగలమంటాయి. వదిలేసిన తలుపులు దబదబ కొట్టుకుంటాయి. అందుకే ఎక్కేముందు ఎవరి తలుపు వాళ్ళు దగ్గరికి లాగి, బయటి గడియ వేసి పోవడం అక్కడ అలవాటు. తాళం వెయ్యరు. ఇప్పుడే దిగివచ్చేదానికి తాళమెందుకని.

ఆ రోజు కూడా అంతే. పొద్దున పూట. రంగనాయకులు గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. పెళ్ళాం చెంచులక్ష్మి వంటింట్లో ఉంది.

"నువ్వు పో. పొయ్యి ఆపేసి వస్తా" అంది.

"బిన్నా రా. నీకోసం రాకెట్టు ఆపరు వాళ్ళు" అన్నాడు.

అన్న నోరు మూతపడకముందే చెయ్యి తలుపు లాగింది. గడియ వేసింది. బతుకంతా బస్సు తోలిన చెయ్యి. మనసుతో పని లేకుండా గేరు మార్చే చెయ్యి. ఆ చేతికి పెళ్ళాం లోపలుందని తెలియదు. తెలిసిన మనిషి అప్పటికే మెట్లెక్కుతున్నాడు. పైగా ఆమె ఫోను అతని జేబులో ఉంది. తన ఫోనులో బొమ్మ మసకగా వస్తుందని, రాకెట్టును తియ్యడానికి ఆమెది తీసుకున్నాడు.

మేడ మీద మగవాళ్ళు నీళ్ళ ట్యాంకు పక్కన, ఆడవాళ్ళు తూర్పు పిట్టగోడ దగ్గర. చెంచులక్ష్మి ఆ గుంపులో ఉంటుందిలే అనుకున్నానని తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు. అది కూడా అబద్ధం. అప్పుడు ఆమె గురించి ఏమీ అనుకోలేదు. రాకెట్టు లేచింది. ఫోటో తీశాడు. చప్పుడు వచ్చింది. అది పోయాక కూడా చాలాసేపు నిలబడి, గూడూరు నిమ్మకాయల ధర గురించి ఎవరో చెబుతుంటే విన్నాడు.

దిగేటప్పుడు రెండో అంతస్తు వాణి అందరికంటే ముందు నడుస్తోంది. చెంచులక్ష్మిని పలకరించి పోదామని మూడో అంతస్తులో ఆగింది.

"గడియేసుందే. అక్క లోపల లేదా?"

"పైకి రాలేదే ఆమె" అన్నారెవరో వెనక నుంచి.

గడియ తీశారు. తలుపు సగమే తెరుచుకుంది. లోపల దానికి అడ్డంగా ఆమె పడి ఉంది. ఒళ్ళంతా చెమట. చాప, చెప్పుల స్టాండు, గోడకున్న క్యాలెండరు అన్నీ చెదిరి ఉన్నాయి. బయటికి రావాలని ఎంత తన్నుకులాడిందో చూసిన ప్రతివాళ్ళకూ అర్థమయింది. ఆసుపత్రిలో డాక్టరు గుండె అన్నాడు. కొంచెం ముందు తెచ్చుంటే అన్నాడు. డాక్టర్లు ఆ మాట అందరితోనూ అంటారు. రంగనాయకులు మాత్రం దాన్ని ఎన్నటికీ మరిచిపోలేదు.

స్వర్ణ పేరు ఆసుపత్రికి పోకముందే, ఆ గుమ్మంలోనే వచ్చింది. అన్నది వాణి.

"ఇంకెవరు? స్వర్ణక్కే. తెరిచిన తలుపు కంటబడితే గడియ పెట్టకుండా పోతుందా ఆమె?"

అది కట్టుకథ కాదు. స్వర్ణకు నిజంగా ఆ అలవాటుంది. ఆమెది పులికాట్ సరస్సు ఒడ్డు పల్లె. ఇంటి ముందు ఎప్పుడూ చేపలు ఎండుతుండే చోట పుట్టింది. "మా పల్లెలో తలుపు తెరిచి పెడితే కుక్క కూరకుండ ఎత్తుకపోతాది" అనేది. అపార్ట్‌మెంటులో కుక్కలు లేకపోయినా, ఓరగా ఉన్న తలుపు కనబడితే దగ్గరికేసి గడియ పెట్టి పోయేది. ఒకసారి అసోసియేషన్ సెక్రటరీ పద్మనాభయ్య స్నానం చేస్తుండగా అతని తలుపుకు గడియ పెట్టేసింది. హెడ్‌మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి తువ్వాలు కట్టుకుని బాల్కనీలో నిలబడి కేకలు పెడితే, కింద గేటు దగ్గరున్నవాళ్ళు ఎక్కివచ్చి తీశారు. చెంచులక్ష్మి ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నవ్వేది. "నువ్వు నన్ను కూడా పెట్టేస్తావే ఒక రోజు" అని స్వర్ణను ఏడిపించేది. అందరూ ఆ నవ్వులో ఉన్నవాళ్ళే. అందుకని వాణి అనగానే అందరికీ సరిగ్గా అతికినట్టు తోచింది.

"నేను వెయ్యలేదు" అంది స్వర్ణ. ఒక్కసారే అంది.

రంగనాయకులు అప్పుడు పెళ్ళాం తల ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. మాట విన్నాడు. ఇప్పుడు నోరు తెరిచే వేళ కాదనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. మరునాడు శ్మశానం. అదీ వేళ కాదు. తర్వాత వచ్చేపోయే బంధువులు. ఆ తర్వాత గూడూరు నుంచి కూతురు భానుప్రియ వచ్చి ఉంది. వేళ కాని రోజులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

పెద్దకర్మకు ముందురోజు భానుప్రియ మెట్ల మీద స్వర్ణను పట్టుకుంది.

"మా అమ్మను లోపలేసి గడియ పెట్టేదానికి నీకు చేతులెట్లా ఆడినాయి?"

"నేను పెట్టలేదు పాపా. చెంగాళమ్మ తల్లి తోడు."

"నువ్వు కాకపోతే ఎవరు పెట్టినారు? గాలి పెట్టిందా?"

"నాకు తెలీదు పాపా."

"తలుపులు మూసే జబ్బుంటే నీ తలుపు మూసుకో. తల్లి లేనిదాన్ని చేసినావు కదా నన్ను."

రంగనాయకులు లోపల చాప మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. లేచి గుమ్మంలోకి పోయి ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ఆ మాట విన్నాక కూతురు తనవైపు తిరిగి చూసే చూపు ఎలా ఉంటుందో అతనికి ముందే కనబడింది. స్వర్ణ మొహం మీద పడుతున్న మాటలు తన మొహం మీద పడుతున్నట్టు వినబడింది. లేవలేదు. భానుప్రియ ఏడుస్తూ లోపలికి వచ్చి తండ్రి భుజం మీద తల పెట్టుకుంది. అతను ఆమె వీపు నిమిరాడు. ఆ నిమరడం తలుచుకుంటే ఇప్పటికీ అతనికి తన చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

కూతురు వెళ్ళిపోయాక ఇల్లు ఖాళీ అయింది. రంగనాయకులుకు టీ కాచుకోవడం కూడా రాదు. సాయంత్రం బెల్లు మోగింది. తలుపు తీస్తే గుమ్మంలో క్యారియరు. ఎదురు తలుపు మూసుకుంటూ ఉంది. అన్నం, చారు, వంకాయ కూర. చెంచులక్ష్మి బతికున్న రోజుల్లో ఆ తలుపు నుంచి ఈ తలుపుకు రొయ్యల వేపుడు, పీతల పులుసు వచ్చేవి. ఈ తలుపు నుంచి ఆ తలుపుకు పప్పూ పచ్చడీ పోయేవి. ఇద్దరు ఆడవాళ్ళకూ వాకిలి ఒకటే. రెండు తలుపుల మధ్య ఒకటే ముగ్గు. రంగనాయకులు అన్నం కలుపుకుని తిన్నాడు. ఆకలి వేసింది కాబట్టి తిన్నాడు. కడిగిన క్యారియరు పొద్దున ఎదురు గుమ్మంలో పెట్టాడు. ఇలా కొన్నాళ్ళు జరిగింది. ఒకరితో ఒకరు మాట్లాడింది లేదు.

ఒకరోజు లిఫ్టులో వాణి అడిగింది. "ఆమె చేతికూడే తింటా ఉండావంటగా అన్నా? ఎట్లా దిగుతుంది గొంతులో? నేను పంపిస్తాలే మా ఇంట్లోనుంచి."

ఆ సాయంత్రం బెల్లు మోగితే అతను లేవలేదు. టీవీ గొంతు తగ్గించి కూర్చున్నాడు. బెల్లు ఇంకోసారి మోగింది. ఆ తర్వాత మోగలేదు. మర్నాటి నుంచి క్యారియరు రాలేదు.

స్వర్ణ మొగుడు మునెయ్య తెల్లారకముందే సరస్సుకు పోయి పడవల దగ్గర చేపలు కొనేవాడు. స్వర్ణ వాటిని కడిగి, ముక్కలు కోసి, అపార్ట్‌మెంటులో ఎవరు ఫోను చేస్తే వాళ్ళింటికి పంపేది. చెంచులక్ష్మి చనిపోయాక ఫోన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఊరికి పోయేవాళ్ళు ఇంటి తాళాలు ఆమె దగ్గర పెట్టడం మానేశారు. పిల్లల్ని "ఆ ఇంటికి పోవద్దు" అన్నారు. అంతవరకు ఎవరూ ఎత్తని వాసన గొడవ లేచింది. మెట్ల మీద నీచు వాసనన్నారు, లిఫ్టులో బుట్టలు పెడుతున్నారన్నారు. అవే బుట్టల్లో చేపలు కొని తిన్నవాళ్ళే అన్నారు. ముందునుంచీ చేపలవాళ్ళతో ఒకే మెట్లెక్కడం కొందరికి ఇష్టం లేదు. చెప్పుకోవడానికి ఒక కారణం దొరకలేదంతే. ఆ కారణాన్ని రంగనాయకులు ఊరకే ఉండి ఇచ్చాడు.

ఒక సాయంత్రం మునెయ్య వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అన్నా, ఇంటి ఓనరు నరేంద్రబాబు నెల్లూరు నుంచి ఫోన్ చేసినాడు. ఖాళీ చెయ్యమంటా ఉండాడు. అసోసియేషన్ వాళ్ళు చెప్పినారంట."

"అట్నా."

"ఆదివారం మీటింగులో తేలుస్తారంట. పాప పదో తరగతన్నా. వెన్నెల. స్కూలు ఈడ. పల్లెకు పోతే బస్సు లేదు. ఈ ఊళ్ళో ఇంకో ఇల్లు చూద్దామంటే, చేపలోళ్ళంటే ముందే మూతి తిప్పుతారు. ఇప్పుడు మనిషిని చంపిన పేరు కూడా వచ్చింది. ఎవరిస్తారు?"

రంగనాయకులు గోడకేసి చూశాడు.

"ఆమె గడియ వెయ్యలేదని చెప్పమని నేననను. నువ్వు చూళ్ళేదు కదా. 'నాకు ఆ మనిషి మీద ఏం లేదు' అను. అంత చాలు. నష్టపోయినోడివి నువ్వు. నువ్వంటే ఇంకెవరూ నోరెత్తరు."

"చెప్తాలే."

"మాటేనా అన్నా?"

"మాటే."

మునెయ్య చేతులెత్తి దండం పెట్టి వెళ్ళాడు. రంగనాయకులు తలుపేసుకుని మంచం మీద కూర్చున్నాడు. వేసింది నేనే అని చెప్పేస్తానని ఆ పూట గట్టిగా అనుకున్నాడు. మాటలు కూడా కూర్చుకున్నాడు. అద్దం ముందు నిలబడి అనుకున్నాడు కూడా. అద్దంలో మనిషి బాగానే చెప్పాడు.

ఆదివారం కింద పార్కింగులో స్కూటర్లు పక్కకు జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పద్మనాభయ్య ముందు లిఫ్టు రిపేరు సంగతి మాట్లాడాడు. తర్వాత ట్యాంకు కడిగించడం. తర్వాత గొంతు సవరించుకున్నాడు. స్వర్ణ మెట్ల దగ్గర నిలబడి ఉంది. మునెయ్య పక్కన ఉన్నాడు. వాళ్ళకు కుర్చీలు ఎవరూ చూపలేదు, వాళ్ళూ అడగలేదు.

"ఇది ఎవరి మీదో పగతో కాదు" అన్నాడు పద్మనాభయ్య. "ముసలోళ్ళుండారు, పిల్లలుండారు. ఒకరి అలవాటు వల్ల ఒక ప్రాణం పోయింది. రేపు ఇంకొకరికి జరిగితే?"

రైల్వేలో పనిచేసే హెన్రీ వెనక వరుసలో లేచాడు. కింది ఫ్లాటు అతనిది. "గడియ ఆమే వేసిందని చూసినోళ్ళు ఎవరన్నా ఉండారా సార్?"

"చూసేదేముంది హెన్రీ?" అంది వాణి. "సార్‌నే తువ్వాలు మీద నిలబెట్టింది. అప్పుడు నువ్వు చూళ్ళేదా?"

కొందరు నవ్వారు. పద్మనాభయ్య నవ్వలేదు.

"తువ్వాలు వేరే, ఇది వేరే" అన్నాడు హెన్రీ. "చూడకుండా ఒక కుటుంబాన్ని పొమ్మనేది న్యాయం కాదు. రంగనాయకులన్న ఈడనే ఉండాడు. ఆయన్ని అడుగుదాం. ఆయన ఏమంటే అది."

అందరూ ఇటు తిరిగారు. రంగనాయకులు లేచాడు. కూర్చుకున్న మాటలు ఒక్కటీ లేవు. ఎదురుగా ఇన్ని మొహాలు. అన్నిటిలోనూ జాలి. చెంచులక్ష్మి పోయినప్పటి నుంచి ఆ జాలి అతనికి అన్నం పెడుతోంది, టీ పోస్తోంది, లిఫ్టు దగ్గర ముందు పొమ్మని దారి ఇస్తోంది. నోరు తెరిస్తే అది ఆ క్షణమే పోతుంది. స్వర్ణ వైపు చూడలేదు.

"గడియ ఎవరేసినా పోయిన మనిషి రాదు" అన్నాడు. "నేను ఎవరి మీదా ఏమీ పెట్టుకోలేదు. ఎవర్నీ ఏమీ అనను. వదిలెయ్యండి."

కూర్చున్నాడు. మునెయ్యకు ఇచ్చిన మాట ప్రకారం చూస్తే ఇంచుమించు ఆ మాటే చెప్పాడు. మాట తప్పలేదు.

వాణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పద్మనాభయ్య అందరి వైపు తిరిగాడు. "విన్నారు కదా. మనిషంటే ఇట్లా ఉండాల. అంత నష్టం చేసినోళ్ళను కూడా క్షమించినాడు. అది ఆయన గొప్పతనం. ఆయన క్షమించినాడు గదా అని మనం ఊరుకుంటే మాత్రం రేపు మన ఇళ్ళకు ఎవరు పూచీ?"

హెన్రీ నెమ్మదిగా కూర్చున్నాడు. అడిగిన మనిషికి జవాబు వచ్చింది. నష్టపోయిన మొగుడే క్షమించాడంటే, తప్పు జరిగిందనే కదా. నెలాఖరులోపు ఖాళీ చెయ్యాలని తీర్మానం అయింది. అప్పుడు రంగనాయకులు మెట్ల వైపు చూశాడు. స్వర్ణ అప్పటికే అతన్ని చూస్తోంది. తిట్టే చూపు కాదు. ఏదో అడగబోయి, ఎందుకులే అని మానుకున్న మనిషి చూపు. మొగుడి మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కింది.

ఆ తర్వాత రోజుల్లో అపార్ట్‌మెంటులో రంగనాయకులుకు మర్యాద ఇంకా పెరిగింది. పద్మనాభయ్య పొద్దున వాకింగుకు తనతో రమ్మని పిలిచాడు. ఎదురు ఫ్లాటులో అట్టపెట్టెలు కట్టే చప్పుడు వినబడుతుంటే రంగనాయకులు టీవీ పెంచేవాడు. పెంచిన టీవీలో ఏం వస్తుందో అతనికి తెలిసేది కాదు.

సామాను ఎత్తే రోజు వచ్చింది. గేటు లోపల చిన్న ట్రక్కు. మునెయ్య, డ్రైవరు కలిసి బీరువా దించుతున్నారు. వెన్నెల పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుని ఉంది. గేటు దగ్గర వేపచెట్టు నీడలో పద్మనాభయ్య, వాణి, హెన్రీ, ఇంకా కొందరు నిలబడ్డారు. పోయేవాళ్ళను సాగనంపడానికి కాదు, పోయారని చూసుకోవడానికి.

రంగనాయకులు మెట్లు దిగి వచ్చాడు. స్వర్ణ ట్రక్కు వెనక కూర్చుని చేపల బుట్టలు ఒకదానిలో ఒకటి పెట్టి తాడుతో కడుతోంది.

"స్వర్ణా."

తల ఎత్తలేదు.

"ఆ గడియ వేసింది నేను."

ఆమె తాడు ముడి బిగించింది. "తెలుసు" అంది.

రంగనాయకులు ట్రక్కు అంచు పట్టుకున్నాడు.

"ఆ పొద్దు అందరికంటే చివర్న పైకెక్కింది నేనే" అంది. "మీ తలుపు చూసినా. గడియ వేసుండింది. అక్క నీతో పాటు పోయిందిలే అనుకున్నా. గడియ లేకుంటే తలుపు తోసి 'రా అక్కా' అని పిలుచుకోని పోయుండేదాన్ని. ఎప్పుడూ అట్లనే కదా పోయేది ఇద్దరం."

"మరి ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"వెయ్యలేదని చెప్పినా కదా. ఎవరు విన్నారు? నువ్వేసినావని నేనంటే, పెళ్ళాం చచ్చినోడి మీద నింద పెట్టిందని ఇంకొక పేరొస్తుంది. నువ్వు చెప్తావనుకున్నా. అన్నం పెట్టేటప్పుడు అనుకున్నా. మీటింగులో నువ్వు లేచినప్పుడు కూడా అనుకున్నా."

"నాకు నోరు రాలేదు స్వర్ణా."

"బాగానే వచ్చింది."

బీరువా ట్రక్కు అంచుకు తగిలి చప్పుడయింది. "చూసి ఎత్తండి" అని ఆమె అటు కేకేసింది. తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"నాకెందుకు చెప్తా ఉండావిప్పుడు? నాకు తెలీని మాటా ఇది? తెలీనోళ్ళు ఆ చెట్టు కింద ఉండారు. పో, వాళ్ళకు చెప్పు."

చెట్టు ఎంత దూరమో లేదు. రంగనాయకులు నడిచాడు. బతుకులో ఆలస్యంగా చేసిన పనులన్నిటిలోకీ అది ఆలస్యమైంది. అయినా చేశాడు.

"పద్మనాభయ్య సారూ. ఒక మాట. ఆ రోజు గడియ వేసింది స్వర్ణ కాదు. నేను. పైకి పోతా పోతా నా చేత్తో నేనే వేసినా."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ట్రక్కు దగ్గర మునెయ్య బీరువా పట్టుకునే ఆగిపోయాడు.

పద్మనాభయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా. నీ మనసు నాకు తెలుసు."

"మనసు కాదు సార్. నిజం. నేనే వేసినా."

"ఆ పాప బ్యాగు ఎత్తుకుని పోతా ఉంటే నాకే కడుపు తరుక్కుపోతా ఉంది. నీకు ఉండదా? అందుకని ఆ పాపం నీ మీద వేసుకుంటావా?"

"చెంగాళమ్మ మీద ఒట్టు. మా భానుప్రియ మీద ఒట్టు. నేనే."

"బిడ్డ మీద ఒట్లు పెట్టుకోబాకన్నా" అంది వాణి. ఆమె కళ్ళు నిండిపోయాయి. ట్రక్కు వైపు తిరిగి గొంతు పెంచింది. "వింటా ఉండావా స్వర్ణక్కా? ఎట్లాంటి మనిషికి ఏం చేసినావో చూడు."

రంగనాయకులు హెన్రీ వైపు తిరిగాడు. ఆ రోజు న్యాయం అడిగినవాడు అతనొక్కడే.

"నువ్వన్నా నమ్ము హెన్రీ. ఆమెకేం తెలీదు."

హెన్రీ చాలాసేపు అతన్ని చూశాడు. నమ్మాలనే చూశాడు. ఆ తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"నిజమైతే ఆ రోజే చెప్పుంటావు కదన్నా. పోనీ మీటింగులో చెప్పుంటావు. నేను లేచి అడిగినానే నిన్ను. తన తప్పును ఒక ఆడమనిషి మీద పడనిచ్చి, ఆమె పెట్టిన అన్నం తింటా ఇన్నాళ్ళు ఊరకుండే మనిషి ఉంటాడా? ఎవడూ ఉండడు. నువ్వసలు ఉండవు."

రంగనాయకులు చెయ్యి చాచి వేపచెట్టు పట్టుకున్నాడు. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయని ఎవరో అన్నారు. ఎవరో వాచ్‌మన్ గదిలోంచి కుర్చీ తెచ్చి వేశారు. పద్మనాభయ్య అతన్ని పట్టుకుని కూర్చోబెట్టాడు. వాణి ఇంట్లోంచి మజ్జిగ తెస్తానని లిఫ్టు వైపు పరుగెత్తింది.

ట్రక్కు స్టార్టయింది. స్వర్ణ కూతురి పక్కన ఎక్కి కూర్చుంది. మునెయ్య వెనక సామాను మీద. గేటు దాటేటప్పుడు మునెయ్య ఒకసారి కుర్చీ వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఆ చూపులో ఉన్న మర్యాద ఇప్పుడు లేదు. ఆ ప్రాంగణంలో రంగనాయకులును నమ్మింది ఆ ముగ్గురే. వాళ్ళు గూడూరు రోడ్డు వైపు కాకుండా సరస్సు వైపు తిరిగారు. పల్లెకే.

మజ్జిగ తాగించి, పైదాకా తోడు వచ్చి, పడుకోమని చెప్పి వెళ్ళారు. అతను పడుకోలేదు. ఫోను తీసి కూతురికి చేశాడు. వాళ్ళు నమ్మకపోతే పోనీ, కన్నబిడ్డ నమ్ముతుంది. నమ్మి తిట్టినా సరే, ఇక మాట్లాడకపోయినా సరే.

భానుప్రియ మొదటి రింగుకే ఎత్తింది. ఏడుస్తోంది.

"వాణక్క ఇప్పుడే చెప్పింది నాన్నా. ఎందుకు నీకివన్నీ? వాళ్ళ కోసం నీ మీద ఎందుకు వేసుకుంటావు?"

"వేసుకోలేదమ్మా. విను. మీ అమ్మ పొయ్యి ఆపి వస్తానంది. నేను చెప్పులేసుకున్నా. తలుపు లాగినా..."

"వద్దు నాన్నా."

"నా చేత్తోనే..."

"వద్దన్నానా." అటువైపు ముక్కు ఎగబీల్చడం వినబడింది. ఆమె వింటోందో, విననని చెవులు మూసుకుందో అతనికి తెలియలేదు. గొంతు మళ్ళీ వచ్చినప్పుడు వేరే సంగతికి మారింది.

"అన్నం తిన్నావా?"

చెప్పాల్సిన మాట ఇంకా సగం నోట్లోనే ఉంది. రంగనాయకులు దాన్ని మింగాడు.

"ఇంకా లేదమ్మా" అన్నాడు. "తింటాను."